నల్లబల్లకూ నల్లని బల్లకూ మధ్య: ఆంగ్ల సమాసాల విరుపు, ఊనిక

సరిహద్దు గ్రామాల వారి దైనందిన జీవితంలో ఆంగ్ల సమాస పదాలకు కొదవ లేదు. ఇచ్ఛాపురంలో బస్టాండు, బరంపురంలో రైల్వే స్టేషను, ఊరిలో పోస్టాఫీసు, చేతిలో రేషన్ కార్డు, దారిలో చెక్‌పోస్టు. ఆంగ్లం చదవని అవ్వ కూడా ఈ మాటలను రోజూ పలుకుతూనే ఉంటుంది. ఇవన్నీ రెండేసి మాటలు కలిసి ఒక్కటైన పదాలే. వ్యాకరణ పరిభాషలో చెప్పాలంటే ఇవి సమాసాలు.

అయితే ఇంట్లో పలికే పోస్టాఫీసుకూ, ఆంగ్ల నిఘంటువు చూపే పోస్ట్ ఆఫీస్‌కూ ఉచ్చారణలో ఎంతో వ్యత్యాసం ఉంది. ఊరిలో ఉన్నంతవరకు ఈ వ్యత్యాసం వల్ల ఎవరికీ నష్టం లేదు. పిల్లవాడు పై చదువులకు వెళ్లినప్పుడు, దూర ప్రాంతంలోని అధికారి ఫోనులో ప్రశ్నలు అడిగినప్పుడు, చెప్పింది సరైనదే అయినా ఎదుటివారు "మరొకసారి చెప్పండి" అన్నప్పుడు అసలు చిక్కు బయటపడుతుంది. తెలివి లోపించలేదు, పదం తప్పు కాదు. పదాన్ని విరిచిన చోటు, నొక్కిన చోటు వేరు. ఆ విరుపు, ఆ నొక్కు ఎలా ఏర్పడతాయో తెలుసుకుంటే చాలా వరకు ఈ ఇబ్బంది తొలగిపోతుంది.

తెలుగు చేసే పని, ఆంగ్లం చేసే పని

ముందుగా తెలుగులోనే ఒక ఉదాహరణ చూద్దాం. "నల్లబల్ల" అంటే బడిలో ఉపాధ్యాయుడు సుద్దముక్కతో రాసే పలక. దానికి ఆకుపచ్చ రంగు వేసినా అది నల్లబల్లే. "నల్లని బల్ల" అంటే నల్లగా ఉన్న ఏదో ఒక బల్ల. మొదటిది సమాసం, రెండవది విశేషణంతో కూడిన మాట. ఈ రెండింటి మధ్య తేడాను తెలుగు ఒక చిన్న "ని"తో తెలియజేస్తుంది. అలాగే "ఇంటిపేరు" అని కలిపి రాస్తే వంశనామం, "ఇంటి పేరు" అని విడదీస్తే ఆ ఇంటికి పెట్టిన పేరు.

ఆంగ్లంలో "ని" వంటి ప్రత్యయం లేదు. బ్లాక్ అనే మాట రెండు చోట్లా బ్లాక్‌గానే ఉంటుంది. కనుక ఆ భాష ఈ పనిని గొంతుకు అప్పగించింది. 'బ్లాక్‌బోర్డ్ అని మొదటి భాగాన్ని నొక్కి పలికితే బడిలోని నల్లబల్ల. బ్లాక్ 'బోర్డ్ అని రెండవ మాటను నొక్కితే నల్లని బల్ల. ఇలా ఒక భాగాన్ని మిగిలిన వాటికంటె ప్రస్ఫుటంగా పలకడాన్ని ఊనిక అంటారు. ఆంగ్లంలో దాని పేరు స్ట్రెస్. ఊనిక పడే భాగానికి ముందు పైన చిన్న నిలువు గీత పెట్టడం బ్రిటిష్ నిఘంటువుల సంప్రదాయం. ఈ వ్యాసంలోనూ అదే గుర్తును వాడడమైనది.

సిలబుల్ అంటే ఏమిటి?

ఊనిక ఎక్కడ పడుతుందో తెలియాలంటే పదం ఎన్ని ముక్కలుగా విరుగుతుందో ముందు తెలియాలి. ఒక అచ్చును కేంద్రంగా చేసుకుని, ఒక్క ఊపులో నోటి నుంచి వెలువడే ధ్వనుల గుంపే సిలబుల్. పదంలో ఎన్ని అచ్చులు వినిపిస్తే అన్ని సిలబుల్స్. రాతలో కనిపించే అచ్చు అక్షరాలను లెక్కించకూడదు, చెవికి వినిపించే అచ్చులనే లెక్కించాలి. టైమ్ అనే మాటను రాసేటప్పుడు ఐ, ఇ అనే రెండు అచ్చు అక్షరాలు ఉంటాయి, కాని పలికేటప్పుడు వినిపించేది ఒక్కటే. కనుక అది ఒక్క సిలబుల్. టైమ్-టే-బుల్ అంటే మూడు. న్యూజ్-పే-పర్ అన్నా మూడే.

తెలుగువారికి ఇక్కడ ఒక సహజమైన ఆటంకం ఎదురవుతుంది. అచ్చ తెలుగు మాటలు చాలా వరకు అచ్చుతోనే ముగుస్తాయి. అందువల్ల బస్ బస్సు అయింది, కార్ కారు అయింది, బోర్డ్ బోర్డు అయింది. ఒడియా భాషలోనూ పదాంత అచ్చు నిలిచే ఉంటుంది. హిందీలో "ఘర్" అనే మాటను ఒడియావారు చివరి అచ్చుతో సహా పలుకుతారు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా వింటూ పెరిగే పిల్లలకు హల్లుతో మాటను ఆపే అలవాటు రెండు వైపుల నుంచీ తక్కువగానే ఉంటుంది.

ఫలితంగా ఆంగ్లంలో రెండే సిలబుల్స్ గల బ్లాక్-బోర్డ్, తెలుగు నోట బ్లా-కు-బో-ర్డు అని నాలుగు ముక్కలవుతుంది. పూర్వకాలపు "ఇస్కూలు", "ఇస్టేషను" వంటి పలుకుబడిలో ముందు కూడా ఒక అచ్చు చేరింది. ఇది తెలుగు మాట్లాడేటప్పుడు దోషం కాదు. పరభాషా పదాన్ని తన కట్టుబాటులోకి తెచ్చుకోవడం ప్రతి భాషా చేసే పనే. ఆంగ్లం మాట్లాడేటప్పుడు మాత్రం ఆ చివరి ఉకారాన్ని వదిలివేయడం అభ్యసించాలి.

అతుకు దగ్గరే విరుపు

తెలుగు వ్యాకరణం చదివినవారికి సంధి సుపరిచితం. పోస్టు, ఆఫీసు కలిసి పోస్టాఫీసు కావడం ఉకార సంధి వంటిదే. బస్, స్టాండ్ కలిసి బస్టాండు అయింది. తాటి, ఆకు కలిసి తాటాకు అయినట్లే ఇదీ. తెలుగులో ముందు మాటలోని హల్లు తరువాతి అచ్చును పట్టుకుంటుంది. అందుచేత పో-స్టా-ఫీ-సు అని విరుగుతుంది.

ఆంగ్లంలో పద్ధతి వేరు. సమాసాన్ని విరవవలసి వస్తే మొదట రెండు మాటలు కలిసిన అతుకు దగ్గర విరవాలి. ఆ తరువాతనే ఒక్కొక్క మాటను సిలబుల్స్‌గా విభజించాలి. పోస్ట్ + ఆ-ఫిస్ అంటే మూడు సిలబుల్స్. పోస్ట్‌లోని చివరి ట్ ధ్వని మొదటి మాటకే చెందుతుంది.

ఈ నియమాన్ని మరచితే చదవడంలోనే పొరపాట్లు జరుగుతాయి. వర్షాకాలంలో రోడ్డు మీద పడే గుంతను ఆంగ్లంలో పాట్‌హోల్ అంటారు. దాని స్పెల్లింగులో టి, హెచ్ అక్షరాలు పక్కపక్కన ఉంటాయి. ఆ రెండూ కనిపించగానే విద్యార్థి "థ" అని చదివి "పోథోల్" అంటాడు. నిజానికి టి మొదటి మాట పాట్‌కు, హెచ్ రెండవ మాట హోల్‌కు చెందినవి. కొండల పాదప్రాంతాన్ని సూచించే ఫుట్‌హిల్, గోపాల్‌పూర్ తీరాన కనిపించే లైట్‌హౌస్, న్యాయస్థాన భవనాన్ని సూచించే కోర్ట్‌హౌస్ అన్నిటికీ ఇదే సూత్రం. రెండు వేర్వేరు మాటల అంచున కలిసిన అక్షరాలు జంటగా పలకవు.

పంక్తి చివర చోటు చాలక పదాన్ని విరిచేటప్పుడు కూడా ఈ నియమమే దారి చూపుతుంది. న్యూస్‌పేపర్ అనే మాటలో ఎస్ అక్షరాన్ని మొదటి పంక్తిలోనే ఉంచి, అక్కడ చిన్న అడ్డగీత పెట్టి, పేపర్‌ను కింది పంక్తికి తీసుకువెళ్లాలి. ఎస్‌ను కిందికి దించితే చదివేవారు తడబడతారు. ఒక్క సిలబుల్ మాత్రమే గల మాటను అసలు విరవకూడదు.

విరుపు మారితే అర్థమే మారిపోయే జంటలు కూడా ఉన్నాయి. రాత్రి వేళ ధరను నైట్ రేట్ అంటారు. ఎరువులలో ఉండే రసాయనం నైట్రేట్. ధ్వనులు దాదాపు అవే. మొదటి దానిలో ట్ దగ్గర చిన్న ఆపు ఉంటుంది. రెండవ దానిలో ట్, ర్ కలిసిపోయి ఇంచుమించు "చ్ర" వలె వినిపిస్తాయి. అలాగే ఐస్ క్రీమ్ అంటే తినే పదార్థం, ఐ స్క్రీమ్ అంటే "నేను కేక వేస్తాను" అని అర్థం.

ఊనిక అంటే గట్టిగా అరవడం కాదు

ఊనిక పడిన సిలబుల్‌లో నాలుగు లక్షణాలు కనిపిస్తాయి. అది కొంత బిగ్గరగా ఉంటుంది, కొంత నిడివిగా ఉంటుంది, స్వరస్థాయి అక్కడ మారుతుంది, దానిలోని అచ్చు స్పష్టంగా వినిపిస్తుంది. ఊనిక లేని సిలబుల్‌లోని అచ్చు తరచుగా మసకబారి, అకారానికి దగ్గరగా ఉండే బలహీనమైన ధ్వనిగా మారుతుంది. పోస్ట్‌మన్ అనే మాటలో చివరి భాగాన్ని "మేన్" అని పూర్తిగా తెరచి పలకరు, మ్, న్ మధ్య అచ్చును సన్నగా వినిపించి వదిలివేస్తారు. ఇంగ్లండ్, స్కాట్లండ్ పేర్లలో "లాండ్" అని దీర్ఘం వినిపించకపోవడానికీ ఇదే కారణం.

ఛందస్సు చదివిన తెలుగు విద్యార్థి ఇక్కడ ఒక భేదాన్ని గమనించాలి. గురువు, లఘువు అనేవి కాల పరిమాణాన్ని కొలుస్తాయి. గురువుకు రెండు మాత్రలు, లఘువుకు ఒక మాత్ర. ఊనిక కాలాన్ని మాత్రమే కాక ప్రాధాన్యాన్ని కూడా తెలిపేది. తెలుగు చెవికి దీర్ఘం ఉన్న చోటే బరువుగా తోస్తుంది. అందుచేత బెడ్‌రూమ్‌లో రూమ్‌ను, ఫుట్‌బాల్‌లో బాల్‌ను నొక్కి పలకాలని అనిపిస్తుంది. ఆంగ్లంలో హ్రస్వమే అయినప్పటికీ 'బెడ్, 'ఫుట్ అనే మొదటి భాగాలే ఊనికను పొందుతాయి.

సాధారణ నియమం: మొదటి భాగానికే పెద్దపీట

రెండు నామవాచకాలు కలిసి ఒక వస్తువుకో, ఒక చోటుకో, ఒక వృత్తికో పేరుగా స్థిరపడినప్పుడు సాధారణంగా ఊనిక మొదటి భాగంపై పడుతుంది. 'బస్ స్టాప్, 'ఎయిర్‌పోర్ట్, 'నోట్‌బుక్, 'క్లాస్‌రూమ్, 'టీకప్, 'రేషన్ కార్డ్, 'రైల్వే స్టేషన్, 'పోస్ట్ ఆఫీస్ అన్నీ ఈ కోవలోనివే. కలిపి రాసినా, విడదీసి రాసినా, మధ్యలో అడ్డగీత పెట్టినా ఊనికలో మార్పు రాదు.

మొదటి మాటలో ఒకటికంటె ఎక్కువ సిలబుల్స్ ఉంటే, ఆ మాటకు విడిగా ఎక్కడ ఊనిక ఉందో సమాసంలోనూ అక్కడే నిలుస్తుంది. పొ'లీస్ అనే మాటకు రెండవ సిలబుల్‌పై ఊనిక. కనుక పొ'లీస్ స్టేషన్. కం'ప్యూటర్ సెంటర్, ఐ'డెంటిటీ కార్డ్ కూడా అంతే.

అర్థాన్ని బట్టి ఊనిక స్థానం మారే తీరుకు ఇంగ్లీష్ టీచర్ మంచి ఉదాహరణ. 'ఇంగ్లీష్ టీచర్ అంటే ఆంగ్లం బోధించే ఉపాధ్యాయుడు. ఇంగ్లీష్ 'టీచర్ అంటే ఆంగ్లేయుడైన ఉపాధ్యాయుడు, ఆయన గణితం బోధించవచ్చు. 'లైట్‌హౌస్ కీపర్ అంటే దీపస్తంభాన్ని కాచేవాడు. లైట్ 'హౌస్‌కీపర్ అంటే బరువు తక్కువగా ఉన్న ఇంటి పనుల పర్యవేక్షకురాలు. అక్షరాలు ఒక్కటే అయినా ఊనిక మారగానే మనిషే మారిపోవడం గమనార్హం.

నియమం పక్కకు తొలగే చోట్లు

భాషలో మినహాయింపులు లేని నియమం అరుదు. ఆంగ్ల సమాసాలలో ఊనిక రెండవ భాగంపై పడే సందర్భాలు కొన్ని ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనవి ఇవి.

ఒకటి, మొదటి మాట ఆ వస్తువు దేనితో తయారైందో చెప్పినప్పుడు. పట్టు నేతకు పేరు పొందిన బరంపురం నుంచే ఉదాహరణ తీసుకోవచ్చు. పట్టుతో చేసిన చీర గనుక సిల్క్ 'శారీ. కాని పట్టుపురుగు పట్టుతో తయారైనది కాదు, పట్టును తయారు చేసేది. అందువల్ల 'సిల్క్‌వర్మ్. అదే విధంగా బంగారంతో చేసిన ఉంగరం గోల్డ్ 'రింగ్, బంగారు పని చేసేవాడు 'గోల్డ్‌స్మిత్. నూలు చొక్కా కాటన్ 'షర్ట్, నూలు మిల్లు 'కాటన్ మిల్.

రెండు, మొదటి మాట చోటునో కాలాన్నో తెలిపినప్పుడు. కిచెన్ 'విండో, సిటీ 'సెంటర్, సండే 'మార్నింగ్ ఇటువంటివి.

మూడు, వీధుల పేర్లు. ఇక్కడ ఆంగ్లేయుల పలుకుబడిలో ఒక వింత కనిపిస్తుంది. స్ట్రీట్‌తో ముగిసే పేర్లలో ఊనిక మొదటి మాటపై, రోడ్‌తో ముగిసే పేర్లలో చివరి మాటపై పడుతుంది. లండన్‌లోని ప్రసిద్ధ వీధి 'ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్, అదే రోడ్ అయితే ఆక్స్‌ఫర్డ్ 'రోడ్. తినుబండారాలలోనూ ఇటువంటి భేదమే ఉంది. 'యాపిల్ కేక్ అంటారు, యాపిల్ 'పై అంటారు. సముద్రతీర పట్టణాలకు ఆంగ్లేయులు పెట్టే "ఆన్ సీ" పేర్లలో చివరి మాటకే ఊనిక. కనుక గోపాల్‌పూర్-ఆన్-'సీ.

నాలుగు, వాడుకలో స్థిరపడిన కొన్ని పదాలు. బ్రిటిష్ నిఘంటువులు హెడ్'మాస్టర్ అని, మొబైల్ 'ఫోన్ అని, ప్రైమ్ 'మినిస్టర్ అని చూపుతాయి. ఇటువంటి వాటిని నిఘంటువు చూసి నేర్చుకోవడమే ఉత్తమం.

విశేషణాలు, క్రియలు

రెండు మాటలు కలిసి విశేషణమైనప్పుడు ఊనిక తరచుగా రెండవ భాగంపై పడుతుంది. ఓల్డ్-'ఫ్యాషన్డ్, లెఫ్ట్-'హ్యాండెడ్, సెకండ్-'క్లాస్ అనేవి అటువంటివి. అయితే ఆ విశేషణం వెనుక వెంటనే ఊనిక గల నామవాచకం వస్తే, రెండు ఊనికలు ఢీకొనకుండా మొదటిది ముందుకు జరుగుతుంది. "ద కోచ్ ఈజ్ సెకండ్-'క్లాస్" అంటారు, "ఎ 'సెకండ్-క్లాస్ 'టికెట్" అంటారు. సంఖ్యలలోనూ ఇదే జరుగుతుంది. విడిగా థర్'టీన్, మనుషులను లెక్కించేటప్పుడు 'థర్టీన్ 'మెన్. ఇక 'హోమ్‌సిక్, 'ట్రస్ట్‌వర్దీ వంటి విశేషణాలలో ఊనిక మొదటి భాగాన్నే పట్టుకుని ఉంటుంది.

క్రియలలో అండర్'స్టాండ్, ఓవర్'కమ్ అని చివరి భాగమే ఊనిక పొందుతుంది. క్రియ నామవాచకంగా మారినప్పుడు ఊనిక వెనుక నుంచి ముందుకు దూకడం మరొక విశేషం. యంత్రం పాడైపోవడాన్ని క్రియగా చెబితే బ్రేక్ 'డౌన్, నామవాచకంగా చెబితే 'బ్రేక్‌డౌన్. 2020లో ప్రతి ఇంటికీ తెలిసిన లాక్‌డౌన్ కూడా ఇదే జాతి పదం. మూసివేయడం అనే క్రియ లాక్ 'డౌన్, ఆ కాలానికి పేరు 'లాక్‌డౌన్. సూరత్ మగ్గాల నుంచి గంజాం గ్రామాలకు తిరిగి వచ్చిన కార్మిక కుటుంబాలు ఆ మాటను మరచిపోవడం అంత సులభం కాదు.

అతుకు చెరిగిపోయిన మాటలు

కొన్ని సమాసాలు తరతరాలుగా నలిగి, అతుకు కనిపించకుండా పోయాయి. "కన్నీరు" అన్నప్పుడు కన్ను, నీరు అనే రెండు మాటలను తెలుగువారు ప్రత్యేకంగా తలచుకోరు. "వంటిల్లు"లో వంట, ఇల్లు ఒదిగిపోయాయి. ఆంగ్లంలోనూ ఇటువంటివి ఉన్నాయి. ఒకప్పుడు కప్పులు పెట్టుకునే బల్ల అయిన కప్ బోర్డ్ ఈనాడు రాతలో అలాగే ఉన్నా, నోటిలో 'కబర్డ్ అయింది. పి అక్షరం మూగబోయింది, బోర్డ్ మసకబారింది. ఉపవాసాన్ని విరమించడం అనే అర్థంలో పుట్టిన బ్రేక్ ఫాస్ట్ 'బ్రెక్‌ఫస్ట్ అయింది. కిటికీని తెలిపే విండో అనే మాట పూర్వపు నార్స్ భాషలో "గాలి కన్ను" అనే అర్థం గల సమాసం. లార్డ్ అనే గౌరవపదం ప్రాచీన ఆంగ్లంలో "రొట్టెను కాపాడేవాడు" అనే సమాసం నుంచి వచ్చింది.

ఇక్కడ సూత్రం స్పష్టమే. ఊనిక మొదటి భాగంపై స్థిరంగా పడుతూ ఉంటే రెండవ భాగం క్రమంగా అరుగుతుంది. స్పెల్లింగు మాత్రం పాత కాలపు సాక్షిగా నిలిచిపోతుంది. ఆంగ్లంలో రాత ఒకలా, పలుకు మరొకలా ఉండడానికి ఇది ఒక ముఖ్య కారణం.

రెండు భాషల లయ

ఒక ఆంగ్ల వాక్యాన్ని పరిశీలిద్దాం. "'డాగ్స్ 'ఛేజ్ 'క్యాట్స్" అనే వాక్యంలో మూడు సిలబుల్స్ ఉన్నాయి, మూడు ఊనికలు ఉన్నాయి. "ద 'డాగ్స్ హ్యావ్ బీన్ 'ఛేజింగ్ ద 'క్యాట్స్" అనే వాక్యంలో ఎనిమిది సిలబుల్స్ ఉన్నా ఊనికలు మూడే. ఆంగ్లేయుడు ఊనిక లేని ఐదింటినీ కుదించి, చకచకా పలికి, మూడు ఊనికల మధ్య ఎడమను ఇంచుమించు సమంగా ఉంచే ప్రయత్నం చేస్తాడు. తెలుగు మాట్లాడేవారు ప్రతి సిలబుల్‌కూ దానికి తగిన కాలం ఇస్తారు.

బ్రిటిష్ ధ్వనిశాస్త్రవేత్త డేవిడ్ అబర్‌క్రాంబీ 1967లో వెలువరించిన గ్రంథంలో ప్రపంచ భాషలను లయను బట్టి రెండు వర్గాలుగా చూపారు. ఊనికల మధ్య కాలం సమంగా ఉండే వర్గానికి ఆంగ్లం, రష్యన్, అరబ్బీలను, సిలబుల్స్ మధ్య కాలం సమంగా ఉండే వర్గానికి ఫ్రెంచి, యొరూబా భాషలతో పాటు తెలుగును ఉదాహరణగా పేర్కొన్నారు. తరువాతి కాలంలో యంత్రాలతో కొలిచి చూసినప్పుడు ఏ భాషలోనూ ఈ సమానత్వం అంత కచ్చితంగా లేదని తేలింది. అయినప్పటికీ రెండు భాషల నడకలో తేడా చెవికి తెలుస్తూనే ఉంటుంది. తెలుగువారి ఆంగ్లం కొన్ని సార్లు ధాటిగా, ఒకే బరువుతో సాగినట్లు బయటివారికి తోచడానికి ఇదే మూలం.

పర్లాకిమిడి నేర్పిన పాఠం

రాతను కాక చెవిని నమ్మాలనే మాట ఈ ప్రాంతానికి కొత్త కాదు. వ్యావహారిక భాషోద్యమ నాయకుడు గిడుగు వేంకట రామమూర్తి పంతులు 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం సమీపంలోని పర్వతాలపేటలో జన్మించారు. అప్పట్లో ఆ ప్రాంతమంతా మద్రాసు రాష్ట్రంలోని గంజాం జిల్లాలో భాగం. ఆయన పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ చుట్టుపక్కల కొండలలోని సవరల భాషను వారి నోటి నుంచే విని నేర్చుకున్నారు. అప్పటికి రాతలో స్థిరపడని ఆ భాషకు వ్యాకరణం, నిఘంటువులు సమకూర్చారు. 1931లో అచ్చయిన ఆయన సవర భాషా గ్రంథం పేరులోనే దీర్ఘాచ్చులను సూచించే రెండు చుక్కల గుర్తు కనిపిస్తుంది. ధ్వనిని ఉన్నది ఉన్నట్లు రాయాలనే పట్టుదలకు అది నిదర్శనం.

ఆనాటి పాఠశాలల తనిఖీ అధికారి జె.ఎ.యేట్స్ అనే ఆంగ్లేయుడు, పుస్తకాల తెలుగుకూ జనం మాట్లాడే తెలుగుకూ అంత తేడా ఎందుకని ప్రశ్నించడం గిడుగు వారి ఆలోచనకు ఊతమైంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరడంతో ఆయన ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్లారు. 1940 జనవరి 22న కన్నుమూశారు. ఆయన పుట్టిన రోజు తెలుగు భాషా దినోత్సవంగా జరుగుతోంది. ఒక భాషను నేర్చుకోవాలంటే ముందు ఆ భాష మాట్లాడేవారిని శ్రద్ధగా వినాలనే ఆయన పద్ధతి ఆంగ్లానికీ వర్తిస్తుంది.

ఇదంతా అవసరమా?

ఆంగ్లేయుల వలె మాట్లాడవలసిన అగత్యం ఎవరికీ లేదు. తెలుగు యాస దోషమూ కాదు, సిగ్గుపడవలసిన విషయమూ కాదు. అవసరమైనది ఒక్కటే, చెప్పింది ఎదుటివారికి అందడం.

ఈ విషయంపై పరిశోధన జరిగింది కూడా. హైదరాబాదులో 1958లో స్థాపితమై, 2007లో ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయంగా మారిన సంస్థలో పనిచేసిన ఆర్.కె.బన్సల్, భారతీయుల ఆంగ్లం ఇతరులకు ఎంతవరకు అర్థమవుతుందో పరిశీలించి 1969లో గ్రంథం ప్రకటించారు. మాట అర్థం కాకపోవడానికి గల ప్రధాన కారణాలలో పదాలపై ఊనిక తప్పడం ఒకటని ఆయన తేల్చారు.

మరొక వైపు, 2000లో బ్రిటిష్ పరిశోధకురాలు జెన్నిఫర్ జెంకిన్స్ వేరొక సంగతి చెప్పారు. ఆంగ్లం మాతృభాష కానివారు పరస్పరం మాట్లాడుకునేటప్పుడు ప్రతి పదంలోని ఊనిక కంటె, వాక్యంలో ముఖ్యమైన మాటను నొక్కి చెప్పడం, హల్లులను స్పష్టంగా పలకడం, అచ్చుల హ్రస్వ దీర్ఘ భేదాన్ని పాటించడం మరింత అవసరమని ఆమె వాదన. ఈ చివరి అంశంలో తెలుగు పిల్లలు ముందే ఉన్నారు. "పలు", "పాలు" మధ్య భేదం తెలిసిన చెవికి హ్రస్వ దీర్ఘాలను గుర్తించడం వేరుగా నేర్పవలసిన పని లేదు.

ఈ రెండు అభిప్రాయాలను కలిపి చూస్తే దారి స్పష్టమవుతుంది. బరంపురంలోనో విశాఖలోనో సాటి భారతీయులతో మాట్లాడేటప్పుడు ఊనిక కొంత అటు ఇటు అయినా పని సాగిపోతుంది. విదేశీయులతో ఫోనులో మాట్లాడే ఉద్యోగాలు, విదేశాలలో నర్సింగు కొలువులు, ఉచ్చారణను పరీక్షించే ఇంటర్వ్యూలు లక్ష్యమైనప్పుడు మాత్రం ఊనికను నేర్చుకోక తప్పదు.

ఇంట్లోనే అభ్యాసం

ఇందుకు ఖరీదైన శిక్షణ అవసరం లేదు. ఆంగ్లం రాని తల్లిదండ్రులు కూడా పిల్లలకు తోడ్పడవచ్చు.

మొదట, తాళం. పిల్లవాడు ఒక పదాన్ని పలుకుతుండగా తల్లి ప్రతి సిలబుల్‌కూ చేతితో ఒక దెబ్బ వేయాలి. బ్లాక్‌బోర్డ్‌కు రెండు దెబ్బలే పడాలి. మూడో నాలుగో పడితే ఎక్కడో ఉకారం చేరిందని అర్థం. భజనలో తాళం తప్పితే గుర్తించగల చెవికి ఇది కష్టమైన పని కాదు.

రెండవది, బరువు. ఊనిక గల సిలబుల్ వచ్చినప్పుడు దెబ్బ గట్టిగా, మిగిలిన చోట్ల మెల్లగా వేయాలి. 'బస్ స్టాప్‌కు మొదటి దెబ్బ గట్టిది. అండర్'స్టాండ్‌కు మూడవది గట్టిది.

మూడవది, అతుకు. పొడవైన మాట ఎదురైనప్పుడు అందులో రెండు చిన్న మాటలు దాగి ఉన్నాయేమో వెతకాలి. అతుకు దొరికితే స్పెల్లింగు కూడా సగం వచ్చినట్లే.

నాలుగవది, నిఘంటువు. మంచి ఆంగ్ల నిఘంటువులో ప్రతి పదం పక్కన ఊనిక గుర్తు ఉంటుంది. 1917లో లండన్ ఆచార్యుడు డేనియల్ జోన్స్ వెలువరించిన ఉచ్చారణ నిఘంటువు నాటి నుంచి బ్రిటిష్ నిఘంటువులు ఆ గుర్తును సిలబుల్‌కు ముందు పెడుతున్నాయి. నేడు సెల్‌ఫోనులోని నిఘంటువులు పదాన్ని పలికి వినిపిస్తాయి కూడా. రోజుకు ఐదు మాటలు విని, పలికి, పుస్తకంలో గీత పెట్టుకుంటే ఏడాదిలో పద్దెనిమిది వందలకు పైగా మాటలు పట్టుబడతాయి.

ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పుస్తకంలో ఆంగ్లం అనే మూడు బాటల కూడలిలో సరిహద్దు గ్రామాల పిల్లలు పెరుగుతున్నారు. దీనిని బరువుగా భావించేవారు లేకపోలేదు. కాని మూడు భాషల ధ్వనులకు అలవాటుపడిన చెవి నాలుగవ దానికీ త్వరగానే అలవాటుపడుతుంది. అవ్వ నోట పోస్టాఫీసు పోస్టాఫీసుగానే ఉండనివ్వండి, అది తెలుగు మాట అయిపోయింది. మనవరాలు ఇంటర్వ్యూకు కూర్చున్నప్పుడు మాత్రం 'పోస్ట్ ఆఫీస్ అని మొదటి మాటపై ఊని పలికితే చాలు, అవతలివారు మరొకసారి అడగవలసిన అవసరం కలగదు.